నీతికి ఒక గంట తక్కువ

మార్చి నెల ఆఖరి రోజు పొద్దున్న ఆల్ఫియో ట్రోవాటో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు గది తలుపు మూసుకోవాలి, కాఫీ కప్పు ముందు పెట్టుకోవాలి, కంప్యూటర్‌లో వృత్తి నీతి మీద గంటసేపు ఉపన్యాసం వినాలి. అంతే. మధ్యాహ్నం రెండింటికి కోర్టులో డల్సీ రూర్క్ కేసు ఉంది. అది ముగించుకుని ఇంటికి పోయి చేపలు వేయించుకోవాలి.

లాయర్లు ప్రతి ఏడాదీ కొన్ని గంటలు మళ్ళీ చదువుకోవాలి. మార్చి ఆఖరికల్లా ఆ గంటలు పూర్తి చేసి పాయింట్లు తెచ్చుకోకపోతే లైసెన్సు దగ్గర చిక్కొస్తుంది. ఆస్తి చట్టం, ఆఫీసు నిర్వహణ వగైరా గంటలన్నీ ఆల్ఫియో ఎప్పుడో పూర్తి చేశాడు. వృత్తి నీతి గంట ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాడికి నీతి గురించి కొత్తగా చెప్పేదేముంటుందని దాన్ని నెలనెలా వెనక్కి నెడుతూ వచ్చాడు.

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. మా ఊరు ఇన్నిస్‌ఫెయిల్, ఆ చుట్టుపక్కల లాయర్లకు ఒక చిన్న సంఘం ఉంది. దానికి అధ్యక్షుడు ఆల్ఫియోయే. గంటలు త్వరగా పూర్తి చేయండని ప్రతి ఫిబ్రవరిలో అందరికీ హెచ్చరిక రాసేదీ ఆయనే. ఈసారి మరీ ఘాటుగా రాశాడు. ఆఖరి రోజుదాకా ఆగే లాయర్ని నమ్మి కక్షిదారులు తమ బతుకులు ఎలా అప్పగిస్తారో తనకు అర్థం కాదన్నాడు. అంతటితో ఊరుకోలేదు. పోయిన వారం సంఘం విందులో, టేగన్ అనే కొత్త లాయరమ్మ తనకింకా రెండు గంటలు మిగిలాయని నోరు జారితే, "నీకో గడియారం కొనిపెట్టమంటావా అమ్మాయ్?" అన్నాడు. అందరూ నవ్వారు. టేగన్ కూడా నవ్వింది గానీ, ఆ తర్వాత పళ్ళెంలో కేకు ముట్టుకోలేదు.

ఆ పొద్దున్న వాన కుమ్మరిస్తోంది. మా ఇన్నిస్‌ఫెయిల్‌లో వాన పడితే ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు, ఆగితే మాట్లాడుకుంటారు. ఆల్ఫియో కంప్యూటర్ తెరిచాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. కాఫీ చల్లారింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"గ్లెనిస్! నెట్ రావట్లేదేంటి?" అని గదిలోంచి కేకేశాడు.

గ్లెనిస్ ఆయన తండ్రి కాలం నుంచీ ఆ ఆఫీసులో పనిచేస్తోంది. నిక్కరు వేసుకుని తిరిగిన రోజుల నుంచీ చూసింది కాబట్టి ఆల్ఫియోని 'నువ్వు' అనే అంటుంది.

"ఊరంతా లేదు. ఏరు పొంగి తీగలు తెగాయంట. రేపటిదాకా రాదని రేడియోలో చెప్తున్నారు. ఏం, అంత అర్జంటా?"

"అబ్బే, ఊరికే."

జేబులో ఫోను తీసి చూశాడు. మాట్లాడుకోవడానికి పనికొస్తోంది గానీ, ఉపన్యాసం వినేంత ఊపిరి దానిలో లేదు. అప్పుడు గుర్తొచ్చింది, కేర్న్స్‌లో ఒక హోటల్లో ఈ మధ్యాహ్నమే వృత్తి నీతి మీద సెమినార్ ఉంది. ఎవరో పెద్ద లాయరు బ్రిస్బేన్ నుంచి వచ్చి మాట్లాడతాడు. 'బద్ధకస్తులకు ఆఖరి అవకాశం' అని వ్యాఖ్య జోడించి ఆ ప్రకటన సంఘంలో అందరికీ పంపింది తనే. కేర్న్స్ గంటకు పైగా ప్రయాణం. సెమినార్ కూడా రెండింటికే.

కోర్టు వాయిదా అడగాలి. ఏమని అడగాలి? నా చదువు పూర్తి కాలేదనా? అది కోర్టు గుమాస్తా చెవిన పడితే సాయంత్రానికి టేగన్ చెవిన పడుతుంది. ఆ ఊహకే ఆల్ఫియో మెడ వెనక చెమట పట్టింది.

"గ్లెనిస్, డల్సీ కేసు ఇంకో రోజుకి మార్చమని కోర్టుకి ఫోన్ చెయ్యి. నేను కేర్న్స్ వైపు వెళ్ళాలి."

"ఏం కారణం చెప్పను?"

"ఇంటి విషయమని చెప్పు."

"ఏ విషయమని అడుగుతారుగా. పొద్దున పూట ఫోన్ చేసి మధ్యాహ్నం కేసు ఆపమంటే ఊరుకుంటారా?"

"అయితే... మావాళ్ళలో ఒకరు పోయారని చెప్పు."

గ్లెనిస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యో! ఎవరు?"

ముందు ఆలోచించుకోని ప్రశ్నకు గబుక్కున జవాబు చెప్పొద్దని ఆల్ఫియో ప్రతి సాక్షికీ నూరిపోస్తాడు. ఇప్పుడు తనే గబుక్కున చెప్పేశాడు.

"మా మేనత్త."

"నుంజియాటానా? కొండ మీద మరీబాలో ఉండే నుంజియాటా?"

ఉన్నది ఒక్కతే మేనత్త. కాదనడానికి వీల్లేకపోయింది. తల ఊపాడు. గ్లెనిస్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. "పోయిన క్రిస్మస్‌కి కూడా నూనెలో ఊరేసిన వంకాయలు సీసా నింపి పంపింది మహాతల్లి! ఇంకా సగం సీసా అలాగే ఉంది!"

"ఊరుకో గ్లెనిస్. పెద్దావిడే కదా. పూలూ గీలూ ఏం పంపకు, మావాళ్ళకి ఇష్టం ఉండదు."

"నాకు చెప్పకు," అంది గ్లెనిస్ ముక్కు చీదుతూ.

ఈ ఏడుపు విని ముందు గదిలోంచి ఇంకో మనిషి వచ్చింది. డల్సీ రూర్క్. కోర్టు కోసమని నీలం టోపీ, చేతులకు తొడుగులు వేసుకుని, వానలో బస్సెక్కి పొద్దున్నే వచ్చి కూర్చుంది. అడవి అంచున ఒక్కతే ఉంటుంది. భర్త పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం పెరటి గుమ్మం దగ్గరికి ఒక కాసొవరీ పక్షి వస్తే, దానికి అరటిపళ్ళు పెట్టడం అలవాటు చేసుకుంది. మనిషంత ఎత్తుండే ఆ అడవి పక్షికి మనుషులను అలవాటు చేయడం నేరం. ప్రభుత్వ శాఖ వాళ్ళు కేసు పెట్టారు. ఆ కేసు తలుచుకుని డల్సీ నెల రోజులుగా సరిగా నిద్రపోలేదు.

ఆవిడ ఆల్ఫియో చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వెళ్ళు నాయనా. నా కేసుదేముంది, ఇంకోనాడు చూసుకోవచ్చు. పోయినవాళ్ళు మళ్ళీ దొరకరు."

"డల్సీ గారూ, మీరు ఇంత దూరం వచ్చి..."

"నాకు ఇంట్లో మాత్రం ఏం పనుంది? ఇదిగో, కోర్టు దగ్గర ఆకలేస్తుందేమోనని కేకు చేసి తెచ్చా. దారిలో తిను. ఏడ్చేవాళ్ళు తిండి మానేస్తారు, నాకు తెలుసు."

అప్పుడే చెప్పేయవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో గ్లెనిస్ ఫోన్ పెట్టేసి, "అయిపోయింది. వాయిదా ఇచ్చేశారు. మెజిస్ట్రేట్ గారు సంతాపం చెప్పమన్నారంట," అంది. ఆల్ఫియో కేకు పొట్లం చేత్తో పట్టుకుని, నేల చూపులు చూస్తూ కారెక్కాడు. దారిలో బాబిండా ఊరు దాటాక ఒక ముక్క తిన్నాడు. చాలా బాగుంది. అదే ఇబ్బందిగా ఉంది.

హోటల్ హాల్లో నలభై మంది దాకా లాయర్లున్నారు. ఎవరి ముఖం చూసినా ఆఖరి రోజుదాకా ఆగిన మనిషి ముఖమే. ఆల్ఫియో పేరు రాయించుకుని, చివరి వరసలో ఒక స్తంభం వెనక కూర్చున్నాడు. ఒక్క గంట. తర్వాత ఈ అబద్ధం తనంతట తనే చల్లారిపోతుంది. ఎప్పుడైనా గ్లెనిస్ అడిగితే, ఆసుపత్రివాళ్ళు పొరపాటు పడ్డారని చెప్పొచ్చు.

నిర్వాహకుడు మైకు దగ్గరికి వచ్చాడు. "బ్రిస్బేన్ నుంచి రావలసిన వక్త గారి విమానం వానవల్ల రద్దయింది. అయినా మన అదృష్టం. మెజిస్ట్రేట్ ఓడెట్ ఫెన్‌విక్ గారికి ఈ మధ్యాహ్నం అనుకోకుండా తీరిక దొరికింది. అడగ్గానే ఒప్పుకున్నారు."

ఆల్ఫియో పైప్రాణాలు పైనే పోయాయి. ఫెన్‌విక్ గారుండేది కేర్న్స్‌లో. ఇన్నిస్‌ఫెయిల్‌లో కేసు ఉన్న రోజే కారులో అక్కడికి వస్తుంది. ఇవాళ అక్కడ ఉన్నది ఒకటే కేసు. దాన్ని ఆపించింది తనే. ఈ సంగతి పొద్దున ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తోచేది. స్తంభం వెనక ఇంకాస్త కుదించుకుని కూర్చున్నాడు.

మెజిస్ట్రేట్ గారు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొంతు పెంచదు. ఆవిడ గొంతు పెంచకపోవడం వల్లే కోర్టులో అందరికీ భయం.

"నేటి అంశం, కోర్టుకు నిజం చెప్పడం," అని మొదలుపెట్టింది. "అయితే నాకీ తీరిక దొరకడానికి కారణం ఒక విషాదం. మన ఆల్ఫియో ట్రోవాటో గారి మేనత్త ఈ ఉదయం కన్నుమూశారు. పాఠానికి ముందు ఆవిడ కోసం ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం."

నలభై మంది లేచి తలలు వంచారు. కూర్చుంటే కనిపిస్తాడు గనక ఆల్ఫియో కూడా లేచాడు. బతికున్న మేనత్త ఆత్మశాంతికి తలవంచి నిలబడ్డాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆయన కోటు జేబులోని ఫోను అకార్డియన్ పాటతో మోగడం మొదలైంది. తీసి నొక్కబోతే జారింది. తన ముందున్న వరసలో కుర్చీ కింద పడి, అక్కడ కూడా హుషారుగా మోగుతూనే ఉంది.

ఆ వరసలో నిలబడ్డ అమ్మాయి వంగి దాన్ని తీసింది. తెర మీద పేరు చదివింది. వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి బ్రైడీ హానఫోర్డ్. డల్సీ మీద కేసు పెట్టిన ప్రభుత్వ శాఖ తరపు లాయరు. ఆవిడకి కూడా ఈ మధ్యాహ్నం ఖాళీ దొరికింది మరి.

"ఆల్ఫియో గారూ! మీరా?" అంది గుసగుసగా, కళ్ళు పెద్దవి చేసి. "ఇదేంటి, 'నుంజియాటా అత్త' అని వస్తోంది?"

"ఇంటి ఫోను. మా బావ చేస్తుంటాడు," అన్నాడు ఆల్ఫియో.

"అయ్యో పాపం. ఆ పేరు తీసెయ్యడానికి చేతులు రావు కదా. మా అమ్మమ్మ నంబరు ఇప్పటికీ నా ఫోన్లో ఉంది." బ్రైడీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మరి ఇక్కడికి ఎలా వచ్చారు?"

"అంటే... సాయంత్రం మరీబాలో ప్రార్థన. దారిలోనే కదా అని. మా అత్తకి చదువంటే గౌరవం."

ఒక్కొక్క మాటా దానంతటదే ముందు మాటకి అతుక్కుంటోంది. ఆల్ఫియోకి తన నోరు తనది కాదేమో అనిపించింది.

పాఠం సాగింది. చిత్రమేమిటంటే, ఏటా గంటల కొద్దీ ఉపన్యాసాలు వింటూ కునికిపాట్లు పడిన మనిషి ఆ రోజు ఒక్క మాట వదలకుండా విన్నాడు. "లాయరు లేచి ఒక మాట చెప్తే, నేను ఆధారం అడగను," అంటోంది ఫెన్‌విక్ గారు. "ఇవాళ పొద్దున ఒక ఫోన్ వచ్చింది. మరణ ధ్రువపత్రం చూపించమని అడిగానా? లేదు. ఎందుకంటే చెప్పింది ఎవరో నాకు తెలుసు." ఆల్ఫియో చెవులు మండుతున్నాయి. ముందు కుర్చీ వెనక భాగం మీద దారపు కుట్లు చూస్తూ కూర్చున్నాడు.

విరామంలో టీ తాగుతూ బ్రైడీ తిన్నగా మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళడం చూశాడు. ఆగమని చెయ్యి ఎత్తాడు. ఎవరో ఆ చెయ్యి పట్టుకుని ఊపి సంతాపం చెప్పారు. విరామం అయ్యాక ఫెన్‌విక్ గారు మళ్ళీ మైకు దగ్గరికి వచ్చింది.

"నాకు ఇప్పుడే ఒక విషయం తెలిసింది. ట్రోవాటో గారు ఇక్కడే ఉన్నారు. సొంత మనిషి పోయిన రోజు కూడా వృత్తి నీతి పాఠానికి వచ్చారు. నేను ఇంతసేపు చెప్పినదానికంటే ఆయన రావడమే పెద్ద పాఠం. ఒక్క మాట మాట్లాడండి ఆల్ఫియో గారూ."

చప్పట్లు. స్తంభం వెనక నుంచి మైకు దాకా నడిచినంత దూరం ఆయన జీవితంలో అంతకు ముందు ఎన్నడూ నడవలేదు. నలభై ముఖాలూ ఆయన్ని ప్రేమగా చూస్తున్నాయి. కనీసం ఒక్కరైనా అనుమానంగా చూస్తే బాగుండుననిపించింది.

"మా అత్త," అన్నాడు. మైకు సర్దుకున్నాడు. "మా అత్తకి అబద్ధమంటే గిట్టదు."

నుంజియాటా అత్త పేకాటలో సొంత మొగుడికి కూడా ఏనాడూ నిజం చెప్పిన మనిషి కాదు. ఆల్ఫియో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు మాత్రం నిజమైనవే, సిగ్గుతో వచ్చినవి. మళ్ళీ చప్పట్లు.

సెమినార్ ముగిశాక పక్క గుమ్మం లోంచి జారుకోబోతుంటే ఫెన్‌విక్ గారు ఎదురొచ్చింది. భుజాన గొడుగు, చేతిలో కోటు.

"పదండి. నేనూ వస్తున్నాను."

"ఎక్కడికి మేడమ్?"

"మరీబాకి. కొత్తగా లాయరునైనప్పుడు నాకు మొదటి కేసు ఇప్పించింది మీ నాన్నగారు. ఆయన అక్కగారు పోతే నేను ప్రార్థనకి రాకపోతే ఎలా?"

"ఈ వానలో మీకెందుకు మేడమ్ శ్రమ. ఘాట్ రోడ్డు మూసేసి ఉంటారు."

"కనుక్కున్నాను. తెరిచే ఉంది."

"నా కార్లో తీసుకొస్తా మేడమ్‌ని," అంది బ్రైడీ. "ఆల్ఫియో గారూ, మీరు ముందు నడపండి. దుఃఖంలో ఉన్నారు, మెల్లగా వెళ్ళండి. మేం వెనకే ఉంటాం."

ఆల్ఫియో కారెక్కగానే అత్తకి ఫోన్ చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు. బిజీ. పోయిన మనిషికి అన్ని ఫోన్లెందుకు వస్తున్నాయో ఆలోచించే లోపల కొండ మొదలై ఫోన్లో సిగ్నల్ పోయింది. ఘాట్ రోడ్డు మలుపు మీద మలుపు. వెనక అద్దంలో బ్రైడీ కారు దీపాలు. ఒకచోట రోడ్డు పక్కన బండి ఆపుకునే స్థలం కనిపించింది. ఇక్కడే ఆపి, దిగి వెళ్ళి, అంతా చెప్పేద్దామని కారు సిగ్నల్ వేశాడు. వెనక కారు కూడా సిగ్నల్ వేసింది. వాళ్ళిద్దరూ తలలు ముందుకు వంచి, ఏడుస్తున్నాడేమో అన్నట్టు జాలిగా చూడటం అద్దంలో కనిపించింది. సిగ్నల్ తీసేశాడు. ఇంకాస్త పైన ఇంకోచోట మళ్ళీ వేశాడు. మళ్ళీ తీసేశాడు. ఈలోగా కొండ అయిపోయింది.

మరీబాలో అత్త ఇంటి ముందు నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. వరండా మెట్ల మీద పూలు. అందులో పెద్ద పూల చక్రం గ్లెనిస్ పంపింది, కార్డు మీద ఆఫీసు పేరుంది. ఆల్ఫియో వానలో తడుస్తూ పరుగెత్తి మెట్లెక్కాడు. తలుపు తీసింది సాక్షాత్తూ నుంజియాటా అత్త. తొంభై దాటిన మనిషి, నల్లకోటు, ఒక చేతిలో ఊతకర్ర, ఇంకో చేతిలో బిస్కట్టు.

"ఒరేయ్ ఆల్ఫియో, వచ్చావా? నేను ఎప్పుడు పోయానో కాస్త చెప్తావా? రాత్రి నిద్రలోనా, పొద్దున్నా? వచ్చినవాళ్ళు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలీక చస్తున్నా! పొద్దుట్నించీ నీకు ఫోన్ చేస్తుంటే ఎత్తవే?"

"అత్తా, నన్ను తర్వాత తిట్టు. వెనకాల మెజిస్ట్రేట్ వస్తోంది."

"మెజిస్ట్రేటా? ఎందుకు?"

"నీ ప్రార్థనకి."

అత్త ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఆయన చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి దొరికిపోయినప్పుడు ఆవిడ చూసిన ముఖమే ఇది. బిస్కట్టు కోటు జేబులో వేసుకుంది. గొడుగు మడుచుకుంటూ ఫెన్‌విక్ గారూ, వెనక బ్రైడీ మెట్లెక్కారు.

"రండమ్మా," అంది అత్త, గొంతు నీరసం చేసి. "నేను దాని చెల్లెల్ని. పొద్దున్నే పోయింది, పాపిష్టిది. బాధపడకుండా పోయింది, అదొక్కటే నయం." శిలువ గుర్తు వేసుకుని, కళ్ళు మూసుకుంది.

ఫెన్‌విక్ గారు ఆవిడ చేతులు పట్టుకుంది. "మీరెంత ధైర్యంగా ఉన్నారండీ. మీ ఇద్దరికీ చాలా పోలికలుండి ఉంటాయి."

"అందరూ అదే అనేవాళ్ళు తల్లీ."

ఆల్ఫియో పక్కనే నిలబడి విన్నాడు. తను అబద్ధమాడటం ఒక ఎత్తు. ఇప్పుడు తొంభై దాటిన మనిషి, తన కోసం, తన చావుని తనే ఒప్పుకుని, దేవుడి పేరు మీద అబద్ధమాడుతోంది. ఇన్నాళ్ళూ ఎందరి చేతో కోర్టులో నిజం చెప్పించిన వాడు, ఆ వరండాలో ఒక్క నిజం బయటికి తేవడానికి చెక్క గుంజ పట్టుకోవలసి వచ్చింది.

"మేడమ్, ఈవిడే మా అత్త."

"ఏంట్రా నువ్వు!" అంది అత్త పళ్ళ బిగువున.

"ఎవరూ పోలేదు మేడమ్. అత్తకి చెల్లెలే లేదు. నాకు వృత్తి నీతి గంట ఒకటి మిగిలిపోయింది. ఇవాళ ఆఖరి రోజు. ఊళ్ళో నెట్ లేదు. ఆ సంగతి బయటపడితే నలుగురూ నవ్వుతారని, అత్త పోయిందని కోర్టుకి చెప్పించాను. గ్లెనిస్‌కి ఏమీ తెలియదు, నిజమనుకునే ఫోన్ చేసింది. తప్పంతా నాదే."

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. బ్రైడీ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఫెన్‌విక్ గారు అత్త చేతులు వదల్లేదు. వాటిని ఒకసారి చూసుకుంది, వెచ్చగా ఉన్నాయని ఇప్పుడే గమనించినట్టు.

"అంటే," అంది నెమ్మదిగా, "కోర్టుకు నిజం చెప్పాలనే పాఠానికి రావడం కోసం, కోర్టుకు అబద్ధం చెప్పారు."

"అవును మేడమ్."

"నేను నలభై మందిని నిలబెట్టాను."

"అవును మేడమ్. నేనూ నిలబడ్డాను."

"పొద్దున ఫోన్ చేసి, 'మేడమ్, నా చదువు గంట మిగిలిపోయింది, ఈ పూట వదిలేయండి' అని ఉంటే నేనేం చేసేదాన్నో తెలుసా?"

"తెలీదు మేడమ్."

"నవ్వేదాన్ని. నవ్వి, వదిలేసేదాన్ని."

ఆల్ఫియో తల ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

"సోమవారంలోగా మీరే, మన లైసెన్సులు చూసే పై వాళ్ళకి అంతా రాసి పంపండి. మీరు రాయకపోతే నేను రాస్తాను. మీరే రాస్తారని నమ్ముతున్నాను." అని ఒక్క క్షణం ఆగింది. "ఇవాళ ఈ మాట అనడం నాకు కష్టంగా ఉంది."

ఊతకర్ర మీద వాలి ఇదంతా వింటున్న అత్త ఇక ఉండబట్టలేకపోయింది. "మరి నన్ను కూడా శిక్షిస్తారా తల్లీ?"

"మీరు ప్రమాణం చేసి చెప్పలేదు కదండీ."

"శిలువ గుర్తు వేసుకున్నానే?"

"అది వేరే కోర్టు," అంది ఫెన్‌విక్ గారు. అప్పుడు మొదటిసారి ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది.

"అయితే లోపలికి రండి, కాఫీ తాగండి. ఇంత దూరం నా కోసం వచ్చి ఉత్తినే పోతారా? నేను బతికున్నానని కోపమా ఏంటి?"

లోపల, పరామర్శకు వచ్చినవాళ్ళ మధ్య, సోఫాలో రోజారియా కూర్చుని ఉంది, అత్త ఆడపడుచు. ఏనాటిదో పెళ్ళి విందులో తనను వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టారని అలిగి, ఎదురు వీధిలోనే ఉంటూ, ఇన్నేళ్ళూ ఈ గుమ్మం తొక్కని మనిషి. మధ్యాహ్నం మెట్ల మీద పూల చక్రం చూసి, తల బాదుకుంటూ, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చిందట. తలుపు తీసిన శవాన్ని చూసి ముందు కేక పెట్టి, తర్వాత కౌగిలించుకుని, ఆ తర్వాత ఆ పెళ్ళి విందు సంగతి ఎత్తి గంటసేపు దెబ్బలాడిందట. ఇప్పుడిద్దరూ ఒకే పళ్ళెంలో బిస్కట్లు తింటున్నారు.

"నేను పోతే ఇది వస్తుందని కలలో కూడా అనుకోలేదు," అంది అత్త మెజిస్ట్రేట్‌కి కాఫీ అందిస్తూ. "నా కన్నకొడుక్కి గ్లెనిస్ ఫోన్ చేసి చెప్తే, వాన తగ్గాక వస్తానన్నాడంట. ఎవరెవరు ఏంటో ఈ ఒక్కరోజులో తెలిసిపోయింది తల్లీ. వీడు చేసింది వెధవ పనే, కానీ నాకు మాత్రం మేలు చేశాడు."

ఆ మాట ఆల్ఫియోకి ఏమాత్రం ఊరట ఇవ్వలేదు. కాఫీ కప్పు మోకాళ్ళ మీద పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున గ్లెనిస్ దగ్గర మొదలుపెట్టాడు. ఆవిడ విని, లేచి వెళ్ళి, వంకాయల సీసా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. డల్సీ దగ్గరికి అడవి అంచుదాకా కారేసుకుని వెళ్ళాడు. ఆవిడ పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. కేసు తేలేదాకా పక్షికి ఏమీ పెట్టకూడదన్నారు కాబట్టి పెట్టడం లేదు, ఊరికే కూర్చుంది. ఆల్ఫియో నిలబడే అంతా చెప్పాడు.

డల్సీ అడవి వైపు ఒకసారి చూసింది. తర్వాత, "అయితే మీ అత్త బతికే ఉందన్నమాట," అంది.

"ఉంది."

"పోనీలే నాయనా. రాత్రంతా ఆవిడ కోసం ప్రార్థన చేశా. వృథా పోలేదు."

ఆయన ఆ కేసు టేగన్‌కి అప్పగించాడు. ఎందుకో కూడా తనే చెప్పాడు. టేగన్ నవ్వుతుందని ఎదురుచూశాడు గానీ నవ్వలేదు. కాగితాలు తీసుకుని, "మీరు మంచినీళ్ళు తాగుతారా?" అని అడిగింది. ఆల్ఫియో గ్లాసు ఖాళీ చేసి లేచాడు. రెండు వారాల తర్వాత డల్సీని కోర్టు మందలించి పంపేసింది. ఆ రోజు ఆల్ఫియో కోర్టు వెనక బెంచీ మీద కూర్చుని చూశాడు.

మెజిస్ట్రేట్ గారు చెప్పిన సోమవారానికి ముందే ఆయన తన తప్పంతా రాసి పంపాడు. సంఘం అధ్యక్ష పదవి వదులుకున్నాడు. పెద్దలు పిలిపించి, గంటసేపు నిలబెట్టి అడిగి, చివరికి లైసెన్సు తీసేయలేదు. గట్టిగా చీవాట్లు పెట్టి, ఏడాది పొడుగునా ప్రతి నెలా వృత్తి నీతి తరగతికి స్వయంగా హాజరు కావాలని, మొదటి వరసలోనే కూర్చోవాలని ఆదేశించారు.

ఆల్ఫియో ఒక్క తరగతి మానలేదు. మళ్ళీ మార్చి వచ్చి లెక్కలు తీసేసరికి, జిల్లా మొత్తం మీద నీతిలో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఆయనవే.